పనికి వెళ్ళే దారి, ఇంటికి చేరే వేళ

ఏడేళ్ళ మా అమ్మాయి మగ్రిబ్ నమాజు తరువాత ఖాయిదా తెరుచుకొని గుమ్మం వైపు చూస్తూ కూర్చునేది. ఉదయం మక్తబ్‌లో చెప్పిన సబఖ్‌ను సాయంత్రం తండ్రికి అప్పజెప్పడం ఆమె పెట్టుకున్న నియమం. తండ్రి ఇల్లు చేరేసరికి మాత్రం ఇషా జమాఅత్ కూడా ముగిసిపోయేది. అప్పటికి పిల్ల నిద్రలోకి జారుకునేది. ఒకనాటి ఉదయం టిఫిను తింటూ ఆమె ఇలా అన్నది: "నిన్న సబఖ్ దాదీకి అప్పజెప్పాను అబ్బూ. దాదీకి సరిగా వినబడదు కదా, ఒక్క తప్పు కూడా చెప్పలేదు. తొందరగా అయిపోయింది."

పిల్ల నవ్వుతూనే చెప్పింది. మాకు నవ్వు రాలేదు. ఉద్యోగానికి దేనిలో వెళ్ళాలన్నది కేవలం పెట్రోలుకు, టిక్కెట్టుకు సంబంధించిన విషయం కాదనీ, అది ఇంటిల్లిపాదికీ సంబంధించిన విషయమనీ ఆ ఉదయం మాకు మొదటిసారి బోధపడింది.

ఈ వ్యాసాన్ని మేము భార్యాభర్తలం కలిసి వ్రాస్తున్నాం. మా నివాసం హైదరాబాదు పాతబస్తీలోని యాఖుత్‌పురా. భర్త ఉద్యోగం హైటెక్ సిటీలో, భార్య ఉద్యోగం మెహదీపట్నం వైపు ఒక పాఠశాలలో. గడచిన కొన్నేళ్ళలో మేము మోటారు సైకిలును, బస్సును, రైలును, నలుగురం కలిసి పంచుకున్న కారును అన్నింటినీ అనుభవంతో చూశాం. వీటిలో ఏది మేలో ఒక్కమాటలో తేల్చడం మా ఉద్దేశం కాదు. మేము వేసుకున్న లెక్కలను పాఠకుల ముందు ఉంచుతున్నాం. ఇలాంటి లెక్క ప్రతి ఇంటా అవసరమని మా విశ్వాసం.

మొదటి లెక్క: డబ్బు

యాఖుత్‌పురా నుంచి హైటెక్ సిటీకి రానుపోను సుమారు 40 కిలోమీటర్లు. నెలకు 25 పనిదినాలు అనుకుంటే 1,000 కిలోమీటర్లు. లీటరు పెట్రోలు 107 రూపాయలుగా తీసుకుందాం.

లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే మోటారు సైకిలుకు నెలకు 22 లీటర్లు, అంటే దాదాపు 2,400 రూపాయలు ఖర్చవుతుంది. నగర రద్దీలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకు 67 లీటర్లు, అంటే దాదాపు 7,150 రూపాయలు. సర్వీసింగు, టైర్లు, బీమా దీనికి అదనం. 2025 జూన్‌లో సవరించిన ధరల ప్రకారం నగర బస్సుల నెలవారీ పాసు ఆర్డినరీకి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్‌కు 1,600 రూపాయలు. ఎం.ఎం.టి.ఎస్. రైలులో ఒక వైపు ప్రయాణానికి 15 రూపాయలు మించదు. మెట్రో రైలులో 2025 మే సవరణ, ఆ వెంటనే ప్రకటించిన 10 శాతం తగ్గింపు తరువాత ఛార్జీ దూరాన్ని బట్టి 11 నుంచి 69 రూపాయల వరకు ఉన్నది. మలక్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ వెళ్ళివస్తే నెలకు మూడు వేల వరకు అవుతుంది. స్టేషను వరకు ఆటో ఖర్చు వేరు.

ఈ లెక్క చూస్తే ఒక చేదు నిజం బయటపడుతుంది. ఒక్క మనిషికి మోటారు సైకిలు పెట్రోలు కన్నా మెట్రో టిక్కెట్టే ఎక్కువ. ప్రజా రవాణాలో ప్రయాణించండని ఊరికే హితవు చెప్పేవారు ఈ నిజాన్ని దాటవేస్తారు. నెల జీతం మీద బ్రతికే గృహస్థు దానిని దాటవేయలేడు. అందుకే మన యువకులలో అత్యధికులు రెండు చక్రాల బండినే ఎంచుకుంటున్నారు. వారిని తప్పుపట్టే ముందు ఈ అంకెలను చూడవలసి ఉంటుంది.

రెండవ లెక్క: ప్రాణం

మేము కూడా మొదట ఆ బండినే ఎంచుకున్నాం. ఎం.ఎం.టి.ఎస్. రైలు చవకైనదే అయినా, ఫలక్‌నుమా నుంచి వచ్చే ఆ మార్గం మలక్‌పేట, కాచిగూడల మీదుగా సికింద్రాబాదుకు పోయి, అక్కడి నుంచి బేగంపేట మీదుగా హైటెక్ సిటీ వైపు తిరుగుతుంది. అంటే ఊరిని చుట్టివచ్చే దారి. రైళ్ళ మధ్య వ్యవధి కూడా ఎక్కువ. ఒక రైలు తప్పితే ఆ ఉదయమంతా తలక్రిందులే. బండి మీదనైతే మనకు ఇష్టమైన వేళ బయలుదేరవచ్చు, గల్లీలోంచి నేరుగా కార్యాలయం గేటు వరకు వెళ్ళవచ్చు.

మూడేళ్ళు ఏ ఆటంకమూ లేకుండా గడిచాయి. ఒక వర్షాకాలపు సాయంత్రం, ఇంటికి ఇంకా నాలుగు కిలోమీటర్ల దూరం ఉన్నదనగా, నీటి క్రింద కనబడని గుంటలో ముందు చక్రం పడింది. మణికట్టు ఎముక విరిగింది. వెనుక వస్తున్న లారీ సకాలంలో ఆగింది. తలకు హెల్మెట్ ఉన్నది. ఈ రెండూ లేకపోతే ఈ వ్యాసాన్ని ఇద్దరం కలిసి వ్రాసేవాళ్ళం కాము. అల్‌హందులిల్లాహ్.

కట్టుతో ఇంట్లో ఉన్న ఆరు వారాలు రోడ్డు ప్రమాదాల గురించి చదివాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక తెలుపుతున్నది. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. మోటారు సైకిలుకు అయ్యే 2,400 రూపాయల పెట్రోలు లెక్కలో ఈ అంకె ఎక్కడా కనిపించదు. సంపాదించే ఒకే ఒక వ్యక్తి మంచాన పడినప్పుడే ఆ ఇంటికి అది తెలిసివస్తుంది.

బండి తప్పనిసరి అయినవారు చాలామంది ఉన్నారు. వారికి మా అనుభవంతో రెండు మాటలు. వెనుక కూర్చున్నవారికి కూడా హెల్మెట్ ఉండాలన్నది చట్టం. మన వీధులలో భార్యాబిడ్డల తలలు ఉత్తవిగానే కనబడుతున్నాయి. రెండవది, బుర్ఖా అంచు గానీ చున్నీ కొస గానీ చక్రంలోనో గొలుసులోనో చిక్కుకొని జరిగే ప్రమాదాలు మన ఇళ్ళకు కొత్త కావు. బండికి చీర గార్డు తప్పక ఉండాలని మోటారు వాహన నిబంధనలు చెబుతున్నాయి. అందం చెడుతుందని దానిని తీసివేయించేవారు మరోసారి ఆలోచించాలి. ఎక్కగానే వస్త్రాన్ని కూడదీసుకొని ఒడిలో పెట్టుకోవడం మన ఆడపిల్లలకు చిన్ననాటి నుంచే అలవాటు కావాలి.

మూడవ లెక్క: వడ్డీ

చేయి నయమైన తరువాత బంధువులందరూ ఒకే సలహా ఇచ్చారు: "ఇక కారు కొనండి." మామగారు పెద్ద మనసుతో కొంత సొమ్ము సర్దుతామన్నారు. మిగిలినది వాయిదాల మీద తీసుకోవచ్చునన్నారు. షోరూములో కూర్చుంటే కాగితాలు సిద్ధం కావడానికి అరగంట కూడా పట్టలేదు.

మాకు కావలసిన అప్పు ఆరు లక్షలు. సాలుకు 9 శాతం వడ్డీ, ఐదేళ్ళ గడువు. నెలకు దాదాపు 12,450 రూపాయల వాయిదా. ఐదేళ్ళు ముగిసేసరికి మేము కట్టేది దాదాపు ఏడు లక్షల 47 వేలు. అందులో వడ్డీయే లక్షా 47 వేలు. వాయిదాకు పెట్రోలును కలిపితే ఉద్యోగానికి వెళ్ళిరావడానికే నెలకు ఇరవై వేలకు దగ్గరగా. అంటే జీతంలో పెద్ద భాగాన్ని ఆ జీతం సంపాదించడానికే ఖర్చు పెట్టాలి.

వడ్డీ విషయంలో మన ధర్మం ఏమి చెబుతుందో ఈ పత్రిక పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. అయితే ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. ఆ కాగితాల ముందు కూర్చున్నప్పుడు మా మనసు సాకులు వెదికింది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, పిల్లకు వాన, భర్తకు విరిగిన చెయ్యి. ఇవన్నీ నిజమైన అవసరాలే. వీటి వెనుక మరొకటి కూడా ఉన్నది. వలీమాకు వెళ్ళినప్పుడు ఫంక్షన్ హాలు ముందు ఆటో దిగడం ఇబ్బందిగా ఉండేది. దానిని మేము అవసరాల జాబితాలో వ్రాసుకోలేదు గానీ, ఆ జాబితాను వ్రాయించినది మాత్రం అదే.

ఆ రోజు సంతకం చేయకుండా లేచి వచ్చాం. అమ్మను డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళడానికి నెలకు రెండు మూడుసార్లు క్యాబ్ పిలిచినా ఒక నెల వాయిదాలో పదవ వంతుకు మించదని లెక్క తేలింది. మామగారు మొదట నొచ్చుకున్నారు. కారణం వివరించాక చాలాసేపు మౌనంగా ఉండి, "మీరే సరిగా ఆలోచించారు" అన్నారు.

సొంత కారు కలవారిని విమర్శించడానికి ఈ సంగతి వ్రాయడం లేదు. సొంత సొమ్ముతో కొనుక్కున్నవారు, రాత్రి షిఫ్టులలో పనిచేసేవారు, మంచం పట్టిన తల్లిదండ్రులు గలవారు, నడవలేనివారు ఎందరో ఉన్నారు. వారికి కారు విలాసం కాదు. ఎవరి అవసరం వారికే తెలుస్తుంది. దానిని తమకు తాము నిజంగా చెప్పుకోవడమే కష్టం.

నలుగురి కారు

సొంత కారు వద్దనుకున్న తరువాత మా బస్తీలోనే ఒక దారి దొరికింది. మసీదులో పరిచయమైన ఒక సోదరునికి పాత కారు ఉన్నది. ఆయన కార్యాలయం కూడా హైటెక్ సిటీ దగ్గరే. ఆయన ఒక్కరే నాలుగు ఖాళీ సీట్లతో రోజూ వెళ్ళివస్తున్నారు. మరో ఇద్దరు తోడయ్యారు. 7,150 రూపాయల పెట్రోలును నలుగురికి పంచితే తలకు 1,800 కన్నా తక్కువ. మోటారు సైకిలు కన్నా చవక. వానకు తడవనక్కరలేదు, రోడ్డు మీద మూడు వాహనాలు తగ్గుతాయి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది. ఒక్కరి కోసం నెలకు 150 కిలోలు వదిలే కారు ఇప్పుడు అదే పొగతో నలుగురిని చేరవేస్తున్నది.

మొదటి ఏర్పాటు నాలుగు నెలలు కూడా నిలువలేదు. ఒకరు ప్రతి ఉదయం పది నిమిషాలు ఆలస్యం. ఒకరు పెట్రోలు సొమ్మును "వచ్చే వారం" అంటూ దాటవేసేవారు. కారు సోదరుడు మొగమాటంతో నోరు విప్పలేదు, ఒక నెలకు రావడం మానేశారు. స్నేహం చెడే స్థితి వచ్చింది. అప్పుడు మసీదు పెద్ద ఒకరు మందలించారు: "అప్పు పుచ్చుకుంటే వ్రాసుకోమని మనకు చెప్పారు కదా! దీనిని మాత్రం ఎందుకు వ్రాసుకోలేదు?"

మేము కూర్చొని ఒక కాగితం మీద వ్రాసుకున్నాం. ఇతరులకు ఉపయోగపడవచ్చునని దాని సారాంశం ఇక్కడ ఇస్తున్నాం.

బయలుదేరే స్థలం ఒక్కటే. ఇంటింటికీ తిరగడం ఉండదు. ఐదు నిమిషాలు చూసి కారు బయలుదేరుతుంది, ఎవరూ కోపం తెచ్చుకోరాదు.

నెల మొదటి తేదీననే పెట్రోలు, టోలు, సర్వీసింగు వాటా ముందుగా చెల్లించాలి. సెలవు పెట్టిన రోజులకు తగ్గింపు లేదు.

పంచుకునేది ఖర్చును మాత్రమే. కారు యజమానికి లాభం ఉండదు. తెల్ల నెంబరు ప్లేటు గల సొంత వాహనాన్ని కిరాయికి నడపడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధం. కిరాయికి నడిపినట్లు తేలితే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ క్లెయిమును నిరాకరించవచ్చు.

వెనుక కూర్చున్నవారు కూడా సీటు బెల్టు పెట్టుకోవాలి. నడిపేవారు ఫోను ముట్టుకోరాదు.

తిరుగు ప్రయాణంలో మగ్రిబ్ వేళయితే దారిలోని మసీదు వద్ద పది నిమిషాలు ఆగాలి. కారులో పరోక్ష నిందకు తావు లేదు.

చివరి షరతును అందరికన్నా చిన్నవాడు చేర్పించాడు. గంటన్నర పాటు నలుగురు మగవాళ్ళు ఒకచోట కూర్చుంటే కార్యాలయంలోని ఐదవవాడి మాట రాక తప్పదని అతని అనుభవం. ఈ షరతును పాటించడమే అన్నింటికన్నా కష్టంగా ఉన్నది. కాగితం వ్రాసుకొని రెండేళ్ళు కావస్తున్నది, కారు నడుస్తూనే ఉన్నది.

స్త్రీల ప్రయాణం

మగవారికి ప్రయాణం ఖర్చుకు, కాలానికి సంబంధించినది. స్త్రీకి అదొక్కటే కాదు, ఉద్యోగం చేయగలదా లేదా అన్నదే దాని మీద ఆధారపడి ఉంటుంది. మా బంధువులలో డిగ్రీ పూర్తిచేసి, ఉపాధ్యాయ శిక్షణ పొంది కూడా "రానుపోను ఎవరు చూస్తారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఇంట్లో ఉండిపోయినవారు ముగ్గురు. వారి పన్నెండు వేల జీతంలో ఆటోకే మూడు నాలుగు వేలు పోతే ఇంట్లోవారు "ఎందుకీ అవస్థ" అనేవారు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం క్రింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలోనూ, నగరంలోని ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులలోనూ స్త్రీలకు ఉచిత ప్రయాణం కల్పించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఇలాంటి సదుపాయమే వచ్చింది. గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్ తీసుకోవడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. మా ఇంట భార్య ప్రయాణ ఖర్చు ఆ నాటి నుంచి సున్న. పైన చెప్పిన ముగ్గురిలో ఒకరు నిరుడు ఒక బడిలో చేరారు.

దీనికి మరో వైపు కూడా ఉన్నది. బస్సులు కిక్కిరిసిపోతున్నాయి. ముందు ద్వారం దగ్గర ఒంటి కాలి మీద నిలబడి, చంకలో సంచితో, కొంగు సర్దుకునే వీలైనా లేకుండా గంట ప్రయాణం చేయవలసి వస్తున్నది. టిక్కెట్టు కొన్న పురుషుడు సీటు దొరకక విసుక్కుంటాడు. "ఫ్రీగా ఎక్కి..." అన్న ఈసడింపును స్త్రీలు వినవలసి వస్తున్నది. ఉచితం చేసినంత వేగంగా బస్సులు పెరగలేదు. ఈ మాటను ప్రభుత్వానికి వినయంగా అయినా గట్టిగా చెప్పాలి. బస్సు కోసం ఎదురుచూస్తున్న స్త్రీని ఈసడించడం మాత్రం ఎవరికీ తగదు.

కారు పంచుకోవడం విషయంలో మన ఇళ్ళలో సహజంగా వచ్చే సందేహం మాకూ వచ్చింది. పరాయి పురుషునితో ఒంటరి ప్రయాణం మనకు సమ్మతం కాదు. దానికి పరిష్కారం మా బడిలోనే కనిపించింది. నలుగురు ఉపాధ్యాయినులు కలిసి తమకు తెలిసిన ఒక పెద్దాయన ఆటోను నెలకు మాట్లాడుకున్నారు. బస్సు దొరకని సాయంత్రాలలో మేమూ అందులో చేరతాం. ఎం.ఎం.టి.ఎస్.లో స్త్రీలకు ప్రత్యేక పెట్టె, మెట్రోలో మొదటి పెట్టెలో ప్రత్యేక భాగం ఉన్నాయి. తెలియని స్టేషనులో దిగవలసి వచ్చినా చుట్టూ స్త్రీలు ఉండటం ఎంత ధైర్యాన్నిస్తుందో అనుభవించినవారికే తెలుసు.

బస్సంటే చిన్నచూపు

మన నగరంలో బస్సు చరిత్ర చిన్నదేమీ కాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలకు అనుబంధంగా రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రారంభమైంది. నేటి ఆర్టీసీ మూలాలు అందులోనే ఉన్నాయి. ఆర్టీసీ బస్సు నెంబరులో కనిపించే 'జెడ్' అక్షరం ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన తల్లి జెహ్రా బేగం పేరు మీద పెట్టించినదని హైదరాబాదులో నేటికీ చెప్పుకుంటారు. ఒక పాలకుడు తన తల్లి పేరును బస్సులకు పెట్టాడని గర్వంగా చెప్పుకునే మనమే ఆ బస్సు ఎక్కడాన్ని నామోషీగా భావిస్తున్నాం.

సంబంధాలు మాట్లాడేటప్పుడు "అబ్బాయికి కారు ఉన్నదా?" అని అడుగుతున్నాం. ఆ కారు అప్పు ఎంత అని మాత్రం అడగడం లేదు. గల్ఫ్‌లో ఉన్న మన బంధువులను చూడండి. దుబాయిలో 2009 సెప్టెంబరు 9న మెట్రో ప్రారంభమైంది. రియాదులో ఆరు మార్గాల, 176 కిలోమీటర్ల పొడవు గల మెట్రో 2024 డిసెంబరు నుంచి దశలవారీగా నడవడం మొదలైంది. అక్కడ కార్డు గీసి మెట్రో ఎక్కే మన సోదరుడు అది చిన్నతనమని అనుకోడు. సెలవు మీద ఇంటికి వచ్చిన నెల రోజులు మాత్రం అద్దె కారు లేకుండా గల్లీ దాటడు. చిన్నతనం బస్సులో ఉంటే అక్కడ కూడా ఉండాలి కదా? దానిని మనమే మన కళ్ళతో ఇక్కడికి తెచ్చుకుంటున్నాం.

దారి హక్కు

దారిలో పడి ఉన్న ముల్లునో రాయినో తొలగించడం కూడా పుణ్యకార్యమేనని మనకు నేర్పారు. మరి దారికి మనమే అడ్డంకి అయితే? ఒక బస్సు ఆక్రమించే చోటు రెండు మూడు కార్ల చోటు. అందులో యాభై మందికి పైగా ప్రయాణిస్తారు. ఆ యాభై మంది ఒక్కొక్కరూ ఒక్కో కారులో బయలుదేరితే లక్డీకాపూల్ నుంచి మాసబ్ ట్యాంక్ వరకు ఏమవుతుందో ఏ సాయంత్రమైనా కళ్ళారా చూడవచ్చు. ఆ రద్దీలో చిక్కుకున్న అంబులెన్సుకు దారి ఇవ్వలేక మనమూ నిస్సహాయంగా హారను మ్రోగించినవాళ్ళమే. శుక్రవారం మసీదుల ముందు మన వాహనాలు రెండు వరుసలుగా నిలిచి బస్సునే ఆపివేసే దృశ్యం మనకు తెలియనిది కాదు. రెండు గల్లీల అవతల ఆపి నడిచి వస్తే ఆ నడక కూడా ఆరాధనలో భాగమే అవుతుంది.

ప్రజలను బస్సు ఎక్కమని చెప్పే ముందు బస్సును ప్రజల దగ్గరకు చేర్చడం పాలకుల బాధ్యత. ఈ విషయంలో పాతబస్తీ అనుభవం బాధాకరం. హైదరాబాదు మెట్రో 2017 నవంబరులో మొదలైంది. 2018 సెప్టెంబరులో ఎల్.బి. నగర్ మార్గం, 2019 మార్చిలో హైటెక్ సిటీ మార్గం తెరిచారు. 2020 ఫిబ్రవరిలో జూబిలీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన మార్గం మహాత్మా గాంధీ బస్ స్టేషన్ వద్ద ఆగిపోయింది. తొలి ప్రణాళికలోనే ఉన్న ఫలక్‌నుమా వరకు 5.5 కిలోమీటర్ల భాగం మాత్రం అప్పుడు నిర్మాణానికి నోచుకోలేదు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి దానికి శంకుస్థాపన చేశారు, ఆ మార్గాన్ని చాంద్రాయణగుట్ట వరకు 7.5 కిలోమీటర్లుగా ప్రతిపాదించారు. దారుల్‌షిఫా, శాలిబండల మీదుగా ఆ రైలు నడిచే రోజున వేలాది ఇళ్ళలో సాయంత్రాలు మారతాయి. రోడ్డు వెడల్పు కోసం ఇళ్ళు, దుకాణాలు కోల్పోయేవారికి న్యాయమైన పరిహారం సకాలంలో అందాలి. అప్పుడే ఆ మార్పులో శుభం ఉంటుంది.

చిన్న పట్టణాలలో ఈ ఎదురుచూపులకు కూడా తావు లేదు. అక్కడ సిటీ బస్సు అన్నమాటే అరుదు. షేర్ ఆటోయే ప్రజా రవాణా. గుంటూరు నుంచి విజయవాడకు సీజను టిక్కెట్టుతో రోజూ రైలులో వెళ్ళివచ్చే ఉద్యోగులు స్టేషను వరకు, స్టేషను నుంచి పడే శ్రమే ఎక్కువని చెబుతారు. ఆ చివరి రెండు కిలోమీటర్లకు బస్సు వేస్తే చాలామంది బండ్లు ఇంట్లోనే ఉండిపోతాయి.

నాలుగవ లెక్క: కాలం

డబ్బు, ప్రాణం, వడ్డీల లెక్క తేలింది. మా అమ్మాయి అడిగినది మాత్రం నాలుగవ లెక్క.

రోజుకు మూడు గంటలు దారిలో గడిస్తే నెలకు 75 గంటలు. అంటే ప్రతి నెలా మూడు పగళ్ళు, మూడు రాత్రులు రోడ్డు మీదనే. మరణానంతరం మనిషిని తన ఆయుష్షును ఎలా గడిపాడని ప్రశ్నిస్తారని మనం నమ్ముతాం. ఈ మూడు రోజులు కూడా ఆ లెక్కలోనివే.

బండి మీద ఆ కాలమంతా రోడ్డుకే అర్పణం. కళ్ళు, చేతులు, మనసు అన్నీ దానికే. ఇల్లు చేరాక కూడా గంటసేపు ఆ విసుగు తగ్గేది కాదు. పిల్ల మెలకువతో ఉన్న రోజున కూడా తండ్రి కసిరిన సందర్భాలు ఉన్నాయి. రైలులో కూర్చునే చోటు దొరికితే అదే కాలం మనదవుతుంది. ఖుర్‌ఆన్ పారాయణం చేసుకోవచ్చు, పుస్తకం చదువుకోవచ్చు, కళ్ళు మూసుకోవచ్చు. రమజాన్‌లో ఒక సాయంత్రం ఎం.ఎం.టి.ఎస్. బేగంపేట దాటుతుండగా ఇఫ్తార్ వేళయింది. ఎదుటి సీటులోని ఒక హిందూ పెద్దాయన తన సంచిలోంచి అరటిపండు తీసి అందించారు. మేము ఖర్జూరాలు ఇచ్చాం. ఆయన ఎవరో, ఏ స్టేషనులో దిగిపోయారో తెలియదు. కారు అద్దాల వెనుక కూర్చొని ఉంటే ఆ అరటిపండు మాకు దొరికేది కాదు.

ఇప్పుడు మా ఇంటి ఏర్పాటు ఇలా ఉన్నది. వారానికి మూడు రోజులు నలుగురి కారు. కారు సోదరుడు ఇంటి నుంచి పనిచేసే రెండు రోజులు మలక్‌పేట నుంచి మెట్రో, అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ. కార్యాలయంలో అడిగి పని వేళను ఒక గంట ముందుకు జరుపుకున్నాం. ఫజర్ తరువాత మళ్ళీ పడుకునే అలవాటును వదులుకోవలసి వచ్చింది. నిజానికి మాకు అన్నింటికన్నా ఎక్కువ కాలాన్ని మిగిల్చినది ఏ వాహనమూ కాదు, ఆ ఒక్క గంటే. రద్దీకి ముందే వెళ్ళి, రద్దీకి ముందే తిరిగి రావడం సాధ్యమైంది. మోటారు సైకిలును అమ్మలేదు. సామాన్లకు, బస్తీలోని చిన్న పనులకు అదే ఉపయోగపడుతున్నది.

అన్ని ఇళ్ళకూ ఈ ఏర్పాటు కుదరదు. మీ దూరం వేరు, మీ పని వేళలు వేరు, మీ ఇంటి పెద్దల ఆరోగ్యం వేరు. అయితే ఒక సాయంత్రం భార్యాభర్తలు కాగితం తీసుకొని కూర్చోవడం మాత్రం ప్రతి ఇంటా సాధ్యమే. డబ్బు ఎంత, ప్రమాదం ఎంత, అందులో వడ్డీ ఉన్నదా, ఇంటికి మిగిలే కాలం ఎంత అని నాలుగు గళ్ళు గీసి వ్రాయండి. పిల్లలను కూడా పిలిచి అడగండి. మేము ఎన్నడూ లెక్కలోకి తీసుకోని గడిని మాకు చూపించినది ఏడేళ్ళ పిల్లే.

ఆమె ఇప్పుడు ఖాయిదా ముగించి అమ్మ పారా మొదలుపెట్టింది. మెట్రో రోజులలో మగ్రిబ్ జమాఅత్‌కు తండ్రి బస్తీ మసీదులోనే ఉంటున్నారు. కారు రోజులలో ఇషాకు కాస్త ముందుగా ఇల్లు చేరుతున్నారు. వారంలో ఒక రోజు ఎలాగూ ఆలస్యం అవుతూనే ఉన్నది. ఆ రోజున సబఖ్ దాదీకే. మొన్న మాత్రం పిల్ల ఫిర్యాదు చేసింది: "అబ్బూ, మీరు వింటే చాలా తప్పులు చెబుతున్నారు. ఇంతసేపు పడుతోంది!"

అల్లాహ్ మన ప్రయాణాలను సుగమం చేసి, ప్రతి సాయంత్రం మనల్ని క్షేమంగా మనవారి వద్దకు చేర్చుగాక. ఆమీన్.